వ్యోమగామి, గగనయాత్రి, రోదసి : శబ్దవిచారము

2024వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదిని తిరువనంతపురమున, గగనయానమునకై యేర్పఱుపఁబడిన నలుగురు వాయుసేనాధికారుల పేళ్లు లోకమునకుఁ దెలుపఁబడినవి. ప్రభుత్వమువారు వారికిఁ బెట్టిన పేరు ‘గగనయాత్రి’. ఆ నలుగురిలో నొక్కఁడగు శుభాంశు శుక్లా 2025 జూన్ 25వ తేదిని భూమిని విడిచి, అంతర్జాతీయకేంద్రమును జేరి, జూలై 15వ తేదిని మరల దిగినప్పుడు ఈ నూతనశబ్దము తెలుఁగు వ్రాఁతలలోనికిని వచ్చి కూర్చున్నది. అంతకుమున్ను మనకు మాట లేకపోలేదు. 1984 ఏప్రిల్ 3వ తేదిని సోయూజ్ నౌకలోఁ బోయిన రాకేశ్ శర్మను మనవారు వ్యోమగామి యందురు. ఆయన తిరిగిన చోటును రోదసి యందురు. ఇప్పుడు పాతమాటలను దీసి క్రొత్తమాటను వేయవలెనా యను ప్రశ్న పుట్టినది. వ్యోమగామి వ్యాకరణమునకు నిలువదనియు, రోదసి యర్థమునకు నిలువదనియు రెండాక్షేపములు వినఁబడుచున్నవి. మొదటిది వట్టిది. రెండవది నిజమే కాని, నిజమయ్యును రోదసిని దొలఁగింపఁజాలదు.

ముందుగాఁ బాశ్చాత్యుల మాటను జూతము. ఆస్ట్రొనాట్ అనునది గ్రీకుపదముల కలయిక. మొదటి భాగమునకు నక్షత్రమనియు, రెండవదానికి నావికుఁడనియు నర్థము. ఈ రెండవభాగము మనకుఁ బరాయిది కాదు. గ్రీకుల నౌస్ శబ్దమును, సంస్కృతపు నౌశబ్దమును ఒక్క మూలమునుండి చీలిన యక్కచెల్లెండ్రు. చిత్రమేమనఁగా, 1880లోఁ బెర్సీ గ్రెగ్ అను నాంగ్లేయుఁడు ప్రకటించిన నవలలో నీ పేరు మనుష్యునిది కాదు, అంగారకమునకుఁ బోవు నౌకది. 1927లో ఫ్రాన్సుదేశపు నవలాకారుఁడగు రోనీ యీ విద్యకే ‘ఆస్ట్రొనాటిక్’ అని నామకరణము చేసెను. 1930లో ఎస్నో పెల్తెరీ తన గ్రంథమున కదియే పేరుగా నుంచెను. రష్యనులు నక్షత్రమును విడిచి కాస్మొస్ శబ్దమును గైకొనిరి. 1961 ఏప్రిల్ 12వ తేదిని యూరీ గగారిన్ పోయివచ్చుటతో వారి కాస్మొనాట్ శబ్దము జగత్ప్రసిద్ధమాయెను. నక్షత్రనావికుఁడనుట మనోహరమే కాని యతిశయోక్తి. మనుష్యుఁడు పోఁగలిగినది చంద్రుని పరిసరముల దాఁక. ఆ దూరము సుమారు 3,84,400 కిలోమీటర్లు. సూర్యుని విడిచినచో మనకు మిక్కిలి దగ్గఱనున్న నక్షత్రమునుండి వెలుఁగు వచ్చుటకే నాలుగేండ్లకుఁ బైఁబడును. ఆ పదమును మాటకు మాటగాఁ దెనిఁగించి తారానావికుఁ డనకుండుట మనవారు చేసిన మంచిపని. వ్యోమమునఁ బోవువాఁడు వ్యోమగామి. చేయు పనికంటె నెక్కువ చెప్పుకొనని మాట.

దీని మీఁది యాక్షేప మెట్టిదో విచారింతము. గామిశబ్దము ణినిప్రత్యయాంతము. పాణిని 3-2-78 సూత్రమున, జాతివాచకము కాని సుబంత ముపపదమై యుండఁగాఁ దాచ్ఛీల్యమునందు ణినిని విధించెను. తాచ్ఛీల్యమనఁగా స్వభావము, అలవాటు. వేఁడివేఁడిగాఁ దినుట యలవాటైనవాఁడు ఉష్ణభోజి. పెండ్లివిందున నొకనాఁడు వేఁడియన్నము దినినవాఁడు కాఁడు. ఈ న్యాయమున గ్రద్ద వ్యోమగామి కావచ్చును గాని, జన్మమున కొక్కమాఱు పోయివచ్చిన మనుష్యుఁ డెట్లగును? అందును 2024 ఫిబ్రవరినాఁటికి నలుగురిలో నొక్కఁడైనను భూమిని విడిచినవాఁడు కాఁడే, వారి కీ పేరెట్లు చెల్లును? ఇది పూర్వపక్షము.

ఈ మాట యనువారు 78వ సూత్రమునొద్దనే పుస్తకము మూసిరి కాఁబోలు. మఱి రెండు సూత్రములు ముందునకుఁ బోయినచో, 80వ సూత్రమున వ్రతము గమ్యమానమగునప్పుడు నదే ప్రత్యయము విహితమై యున్నది. వ్రతమనఁగా శాస్త్రమువలన వచ్చిన నియమము. కటికనేలమీఁదనే పరుండెదనని నియమము పట్టినవాఁడు స్థండిలశాయి. ఆతఁడు పట్టపగలు కూర్చుండి జపము చేసికొనుచున్నప్పుడును స్థండిలశాయియే. నియమము పట్టిన మొదటినాఁడు, ఇంకను రాత్రి కాకమునుపును, ఆతఁడు స్థండిలశాయియే. పేరు క్రియ జరిగినదా లేదా యనుదానిని బట్టి రాలేదు, క్రియకై కట్టుకొన్న కట్టడిని బట్టి వచ్చినది. ఆ నలుగురును 2020 ఫిబ్రవరి మొదలు 2021 మార్చి వఱకు రష్యాదేశమున గగారిన్ పేరిటి శిక్షాకేంద్రమునందును, పిమ్మట బెంగుళూరునందును, నిద్రాహారములను, శరీరమును, మనస్సును నియమమునకుఁ గట్టిపెట్టి శిక్షపొందినవారు. భారము లేని స్థితికి నలవడుట, ఆపదలోఁ దడఁబడకుండుట, మంచునను నీటను దిగఁబడినను బ్రదుకుట యివియన్నియు నా శిక్షలోనివి. వీరిని వ్రతస్థు లనుటలో నుపచార మేమియు లేదు. కావున వీరు పోకమున్నే వ్యోమగాములు. మఱి మాటిమాటికిఁ బోవువారికి 81వ సూత్రమున్నది. అది యాభీక్ష్ణ్యమునందు, అనఁగాఁ బునఃపునఃకరణమునందు ణినిని బహులముగా విధించుచున్నది. శుక్లా పోయిన యానమునకు నాయకురాలగు పెగ్గీ విట్సన్‌కు అది యయిదవ యానము. ఒక్క శబ్దమే, ఒక్క ప్రత్యయమే. క్రొత్తగా దీక్ష పట్టినవానికి 80, తలపండిన యామెకు 81. ఇంత పొందికగల పదమును వ్యాకరణమునకు నిలువదనుట సాహసము.

ఇచ్చట నొక చిన్న సందేహమును దీర్చి పోవలయును. 3-3-3 సూత్రమువలన గమ్యాదులు భవిష్యదర్థమున సాధువులు గదా, పోనున్నవానిని వ్యోమగామి యనుట కదియే చాలదా యని కొందఱందురు. చాలదు. అచ్చటి రూపము గమి, గామి కాదు. ఆగామియందలి దీర్ఘము ఆఙు పూర్వమున నున్నందున వచ్చినది. ఈ భేదము తెలియక గమ్యాదులను జూపి వ్యోమగామిని సమర్థించువారు, తప్పుదారిని వచ్చి సరియైన యూరు చేరినవారు.

ఇఁక గగనయాత్రి. ఇందలి గగనశబ్దము నిర్దుష్టము. ఉణాదులలో గమ్ ధాతువునకు యుచ్ ప్రత్యయము చేసి, మకారమునకు గకార మాదేశించి దీనిని సాధించిరి; పోవుట కనువైన చోటని భావము. అనఁగా గగనమునందే గమన మున్నది. గగనగామి యన్నచో నొక్క ధాతువే రెండుమాఱు లుచ్చరితమగును. కావుననే కాఁబోలు ఈ పేరు పెట్టినవారు యాధాతువు వైపునకుఁ దిరిగిరి. దీనిని గగణ మని ణకారముతో వ్రాయువారిని బర్బరులని పెద్దలు పరిహసించిరి. ఆ బర్బరులు మన పత్రికలలో నప్పుడప్పుడు నేఁటికిని దర్శనమిచ్చుచున్నారు. యానశబ్దము గూడ మంచిదే. ల్యుట్ భావమునందును, గరణమునందును వచ్చును గనుక గగనయాన మనఁగాఁ బోవుటయు నగును, పోవు సాధనమును నగును. కాని యాత్రియనుచోట నాకుఁ బట్టుచున్నది. అకారాంతములకు విధించిన ఇనిప్రత్యయ మాకారాంతమైన యాత్రాశబ్దమునకుఁ దిన్నగా రాదు. ఇది చిన్న దోషము. వ్యవహారము దీనిని బూడ్చును. పెద్ద దోష మర్థమునందున్నది. తెలుఁగున యాత్ర యన్న నేమి? కాశీయాత్ర, తీర్థయాత్ర. రొక్కము మూటగట్టుకొని, చూడవలసినవి చూచి, గంగకావడితో నింటికి వచ్చుట. 2001 ఏప్రిల్ 28వ తేదిని డెన్నిస్ టిటో యను ధనికుఁడు తన సొంతసొమ్ము వెచ్చించి రష్యావారి నౌకలోఁ బోయెను. ఆయన యాత్రికుఁడు, ఆ మాట ఆయనకు సరిగాఁ దగినది. నాలుగేండ్లు తపస్సు చేసినవానికిని, సొమ్ము చెల్లించి కిటికీలోనుండి చూచి వచ్చినవానికిని ఒక్క పేరేల? 1997లో నొకమాఱు పోయివచ్చి, రెండవమాఱు 2003 ఫిబ్రవరి 1వ తేదిని తిరిగివచ్చుచు నశించిన కల్పనా చావ్లాను యాత్రికురాలనుట కెవ్వరికి నోరాడును?

ఈ భేద మాంగ్లపదమునకును దప్పలేదు. తెలుఁగింటి యాఁడుబిడ్డ శిరీష బండ్ల 2021 జూలై 11వ తేదిని వర్జిన్ గెలాక్టిక్ వారి నౌకలో సుమారు 86 కిలోమీటర్ల యెత్తునకుఁ బోయివచ్చినది. అమెరికావారి లెక్కను 50 మైళ్లు, అనఁగా 80 కిలోమీటర్లు దాఁటిన చాలును; అంతర్జాతీయ వైమానికసమాఖ్యవారు 100 కిలోమీటర్లకు గీఁత గీసిరి. ఆమె యా రెండు గీఁతల నడుమ నిలిచినది. అదే నెల 20వ తేదిని అమెరికా విమానయానశాఖవారు, ఊరక యెత్తునకుఁ బోయినంతమాత్రమునఁ జాలదు, యానమునందుఁ బ్రజల క్షేమమునకుఁ గాని యానక్షేమమునకుఁ గాని యుపకరించు పని చేసినవారే తమ బిరుదునకుఁ దగుదురని యుత్తర్వు చేసిరి. పాణిని 3-2-134 సూత్రమున తచ్ఛీలుఁడు, తద్ధర్ముఁడు, తత్సాధుకారి యని మువ్వురు కర్తలను విడఁదీసి చెప్పెను. అలవాటుగాఁ జేయువాఁడు, విధిగాఁ జేయువాఁడు, నేర్పుతోఁ జేయువాఁడు. అమెరికావారి యుత్తర్వు చదివినప్పుడు నాకీ సూత్రమే జ్ఞాపకమునకు వచ్చినది. శిరీష యూరక కూర్చుండి పోలేదు, శాస్త్రపరీక్ష నొకదానిని జేయుచుఁ బోయినది. ఆమెను వ్యోమగామి యనుటకు నేను వెనుదీయను.

ప్రాచీనమైన ఖేచరశబ్ద ముండఁగా వ్యోమగామి యేల యనిన, ఖేచరుఁడు మునుపే చిక్కుకొని యున్నాఁడు. పురాణములలో విద్యాధరులును, జ్యోతిషమున గ్రహములును ఖేచరులు. ఫలానా ఖేచరుఁ డష్టమమున నున్నాఁడని పత్రికలో వ్రాసినచో అది వార్తయో జాతకమో తెలియకపోవును. వ్యోమనాట్ అని సగము సంస్కృతము, సగము గ్రీకు కలిపిన మాట నొకదానిని గూడ విన్నాను. దానినిగూర్చి చెప్పవలసినది లేదు.

ఇఁక స్థలమును జెప్పు శబ్దములు. అంతరిక్షము ప్రభుత్వమువారి మాట. ఢిల్లీ మొదలు శ్రీహరికోట దాఁక శాఖల పేళ్లన్నింట నిదియే యున్నది. వైదికులకు లోకములు మూఁడు. భూమి యగ్నిది, అంతరిక్షము వాయువుది, దివము సూర్యునిది. నిరుక్తకారుఁడు దేవతలను విభజించిన క్రమమిదియే. కాఁబట్టి గాలి వీచు చోటు, పక్షి యెగురు చోటు అంతరిక్షము. అంతర్జాతీయకేంద్రము తిరుగునట్టి 400 కిలోమీటర్ల యెత్తున వాయుదేవుని రాజ్యము దాదాపుగా ముగిసినది. ఖచ్చితముగాఁ జెప్పినచో విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు విమానములో వచ్చువాఁడే యంతరిక్షయాత్రికుఁడు. ఇంతమాత్రమునఁ బ్రభుత్వశాఖ పేరు మార్పుఁడని నేననను. అంతరిక్షమును నాకాశపర్యాయములలో నమరుఁడే చేర్చినాఁడు. కాని యంతకంటెఁ బైచోటును జెప్పుటకు వ్యోమశబ్దము మేలు. ఋగ్వేదమున దీనికిఁ బరమశబ్దము విశేషణముగాఁ దఱచు గనఁబడును. నాసదీయసూక్తపుఁ జివరి ఋక్కున జగదధ్యక్షుఁ డుండు చోటదియే.

రోదసి సంగతి వేఱు. ఇచ్చట నాక్షేపకులు బలవంతులు. సంస్కృతమున నీ శబ్దము రెండు విధముల నున్నది. సకారాంత నపుంసకము రోదస్, దాని ద్వివచనము రోదసీ. ఈకారాంత స్త్రీలింగము రోదసీ, దాని ద్వివచనము రోదస్యౌ. అమరుఁడు రెంటిని నిచ్చెను. ఎట్లు చూచినను అర్థమొక జంట; మీఁది దివము, క్రింది భువి. విక్రమోర్వశీయపు నాందియందుఁ గాళిదాసు శివుని రోదసీవ్యాపినిగాఁ బేర్కొన్నచోటను భూమ్యాకాశములు రెండును నని యర్థము. విడివిడిగా దివమునకుఁ గాని భువికిఁ గాని దీనిని వాడవచ్చునను పక్షము కోశాంతరములందుఁ గలదు. నడిమి చోటని మాత్ర మెచ్చటను లేదు. గీతలోఁ బదునొకండవ యధ్యాయపు 20వ శ్లోకమున నర్జునుఁడు, విశ్వరూపము నడిమిచోటు నెల్ల నిండినదని చెప్పఁదలఁచి, ద్యావాపృథివుల పేరు చెప్పి యూరకుండక యంతరశబ్దమును వేఱుగాఁ జేర్చుకొనవలసివచ్చెను. కనుక సంస్కృతదృష్టిని రోదసిలోఁ బ్రయాణమనఁగా భూమ్యాకాశములలోఁ బ్రయాణము. పొలమునకు బండి తోలుకొని పోవు రైతును రోదసీయాత్రికుఁడే. ఈ వాదమున కెదురు లేదు.

అయినను నేను రోదసిని విడువను. ఏలననఁగా, ఈ మాట తెలుఁగునకు వచ్చి యర్థము మార్చుకొన్న తీరు తెలియనివాని పొరపాటువలెఁ గాక, యాస్కుని నిర్వచనమునకుఁ బండినట్లుగా నున్నది. తైత్తిరీయబ్రాహ్మణము ప్రజాపతి రోదనమునుండి యీ పేరు వచ్చినదనును. యాస్కుఁడు వేఱొక త్రోవను బట్టెను. నిరుక్తమున నాఱవ యధ్యాయపు మొదటిఖండమున, మూఁడవ మండలములోని 30వ సూక్తపు టయిదవ ఋక్కును వ్యాఖ్యానించుచు, రోదసీ యనఁగా రోధసీ యనెను. రోధస్సనఁగా గట్టు, ప్రవాహమును రోధించునది, అడ్డగించునది. అనఁగా దివమును భువియు రెండు గట్లు. గట్లు రెండని చెప్పఁగానే నడుమ నేఱున్నదని చెప్పకయే తెలియుచున్నది గదా.

అలంకారశాస్త్రమును ముట్టినవారందఱు నెఱిఁగిన యుదాహరణ మొకటి కలదు. గంగలోఁ బల్లె యన్నప్పుడు ప్రవాహమునఁ బల్లె యుండుట పొసఁగదు గనుక గంగాశబ్దమునకుఁ దీరమునందు లక్షణ. అచ్చట ఏఱు గట్టును జెప్పినది. తెలుఁగు రోదసియందుఁ దద్విపరీతముగా గట్లు ఏటిని జెప్పుచున్నవి. సంబంధము రెంటను నొక్కటే, సామీప్యము. ప్రయోజనమును వెదకవలసినపని లేదు. రూఢియే చాలును, ఇది నిరూఢలక్షణ. తటమునకుఁ బ్రవాహమువలన లక్షణ యొప్పినవారు ప్రవాహమునకుఁ దటమువలన లక్షణను గాదనుట యెట్లు?

ఇంతకంటె నాకు రుచించిన విశేష మొకటి. ఆ ఋక్కున నా రెండు గట్లకును ‘అపార’ యను విశేషణమున్నది. గట్లే కాని యావలియొడ్డు లేదు. అట్టివాని నింద్రుఁడు పిడికిటఁ బట్టెనని స్తుతి. ఈ కాలమున రాకెట్టు నెక్కి పోవువాఁడు విడుచుచున్నది యీవలియొడ్డు. ఆవలియొడ్డు కంటి కగపడదు, ఉన్నదని చెప్పువారును లేరు. వేదములలో రాకెట్లను వెదకువారితో నాకుఁ బనిలేదు. ఋషి చెప్పినది తన కన్నులకుఁ దోఁచిన భూమ్యాకాశములనుగూర్చియే. కాని శబ్ద మొకప్పుడు తనను బుట్టించినవాఁ డెఱుఁగని యర్థమునకుఁ జోటుంచుకొని వేచియుండును. నావికశబ్దము సయితము దీనికిఁ దోడగుచున్నది. పాణిని 4-4-7 సూత్రమున నౌశబ్దమునకు ఠన్ ప్రత్యయమును విధించినది ‘తరించును’ అను నర్థమున, అనఁగా దాఁటువాఁడు నావికుఁడు. పాశ్చాత్యులు నక్షత్రమును జేర్చి కట్టుకొన్న పదమునందు దాఁటుటకు గట్టు లేదు. మన రోదసీనౌకయందు గట్టు నున్నది, ఏఱు నున్నది, ఓడయు నున్నది.

ఏకవచనముపై సందేహము వలదు. తెలుఁగు రోదసి ద్వివచనరూపమునుండి పుట్టినది కాదు. స్త్రీలింగప్రాతిపదికమగు రోదసీశబ్దమునుండి, నది, గౌరి మొదలగువానివలెనే తుదిదీర్ఘము హ్రస్వమై వచ్చినది. స్త్రీలింగ రోదసికి వేదమున నేకవచనమును లేకపోలేదు. అయిదవ మండలపు 56వ సూక్తమున మరుత్తుల రథమెక్కి నిలిచిన రోదసి, ద్యావాపృథివులు కాదు, వారి భార్య. స్వరము వేఱు, అర్థము వేఱు, వ్యక్తి యొక్కతె. గాలిదేవరల తేరిపై నాకసమునఁ దిరిగిన యా యిల్లాలిపేరే నేఁడు మనకు దారిపేరైనది. ఇది కాకతాళీయమే, వాదమునకు బలముగాఁ జెప్పుట లేదు.

వ్రాఁతయం దొక జాగ్రత్త వలయును. సంస్కృతసమాసమునఁ దుదిదీర్ఘము నిలుచును : రోదసీనౌక, రోదసీయానము, రోదసీకేంద్రము. తెలుఁగుమాట తోడైనప్పుడును, విడిగా విభక్తి చేర్చినప్పుడును హ్రస్వమే : రోదసి దారి, రోదసిలో, రోదసికి. ‘రోదసీలో’ అని దీర్ఘముతో వ్రాయుట ‘నదీలో’ అనుటవంటిది.